టార్గెట్ ఈజ్ బిజీ అంటోంది, ఫ్యూజర్‌లో చూస్తే ఎవరూ లేరు

#1 · గంటస్తంభం_స్టూడియో
విజయనగరం షాపులో ఉబుంటు 22.04 మెషిన్. 4 టీబీ యూఎస్‌బీ డిస్క్, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్, /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్ ఫోల్డరు దగ్గర మౌంట్ అయి (తగిలించి) ఉంది. డివైజ్ పేరు /డెవ్/ఎస్‌డీబీ1. ఎడిటింగ్ చేసే విండోస్ మెషిన్లు సాంబా షేర్ (విండోస్‌కి నెట్‌వర్క్‌లో కనిపించే ఫోల్డరు) మీదుగా అందులోకే రాస్తాయి. సాయంత్రం బస్సుకి డిస్క్ పార్వతీపురం వెళ్ళాలి.

దాన్ని దింపడానికి సుడో (రూట్ హక్కుతో) యుమౌంట్ /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్ అంటే "టార్గెట్ ఈజ్ బిజీ". ఎవరు వాడుతున్నారో చూపే ఫ్యూజర్ -ఎమ్ /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్ అంటే ఖాళీ, ఒక్క నంబరూ రాలేదు. తెరిచిన ఫైళ్ళు చూపే ఎల్ఎస్ఓఎఫ్‌ని గ్రెప్ చేసినా (వెతికినా) ఖాళీయే. ఎవరూ వాడకపోతే బిజీ ఎలా అవుద్ది? కేబుల్ పీకేయమంటారా?

#2 · టెక్కలి_టెర్మినల్
పీకొద్దు.

ఫ్యూజర్‌కి సుడో పెట్టలేదు మీరు. మామూలు యూజర్‌గా నడిపితే మీ ప్రాసెస్‌లే (నడుస్తున్న ప్రోగ్రాములే) కనిపిస్తాయి. మిగతావాళ్ళవి /ప్రోక్ (ప్రాసెస్‌ల వివరాలుండే చోటు) కింద చదవడానికి అనుమతి లేక, ఫ్యూజర్ ఏమీ అనకుండా దాటేస్తుంది. ఎల్ఎస్ఓఎఫ్‌దీ అదే కథ. ఇలా కొట్టండి:

సుడో ఫ్యూజర్ -వీ -ఎమ్ /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్

వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెట్టండి.

#3 · పలాస_జీడి
ఇంత గొడవ ఏటికండీ. యుమౌంట్ -ఎల్ కొట్టీండి, పోద్ది. బస్సు మాట దేవుడెరుగు, డిస్క్ చేతిలో ఉంటాది.

#4 · నాగావళి
#3 మాట వినకండి. -ఎల్ అంటే లేజీ. ఆ క్షణాన డైరెక్టరీ చెట్టులోంచి పేరు మాత్రమే తీసేస్తుంది. ఫైలు తెరిచి పెట్టుకున్న ప్రాసెస్ దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది, రాస్తూనే ఉంటుంది. చివరి ఫైలు మూసేదాకా ఫైల్ సిస్టమ్ కెర్నెల్‌లో (లినక్స్ గుండెలో) బతికే ఉంటుంది. మీకేమో ప్రాంప్ట్ వచ్చేస్తుంది, ఎర్రర్ ఉండదు, డిస్కుల లిస్టు చూపే డిఎఫ్‌లో డిస్క్ కనిపించదు. అయిపోయిందనుకుని పీకుతారు. అప్పుడు సగం రాసిన ఫైలు సగంలోనే ఆగిపోతుంది.

ఇంకో నష్టం ఉంది. -ఎల్ కొట్టాక ఎవరు పట్టుకున్నారో వెతకడానికి దారి మూసుకుపోతుంది. మౌంట్ పాయింట్ పోయాక ఫ్యూజర్ -ఎమ్‌కి ఏ పేరు ఇస్తారు?

#5 · పలాస_జీడి
పీకడానికి కాదులెండి, చూడ్డానికి చెప్పాను 😄
మరి లేజీ అయిపోయాక నిజంగా వదిలిందో లేదో తెలిసేది ఎలగ?

#6 · నాగావళి
ఈఎక్స్‌టీ4 అయితే ఎల్ఎస్ /సిస్/ఎఫ్ఎస్/ఈఎక్స్‌టీ4/ అని చూడండి. లోపల ఎస్‌డీబీ1 అనే డైరెక్టరీ ఉన్నంతసేపూ కెర్నెల్ వదల్లేదని లెక్క. అది మాయమయ్యాకే పీకాలి. మౌంట్ కమాండు ఏం చూపిస్తోంది, డిఎఫ్ ఏం చూపిస్తోంది అన్నది ఇక్కడ సాక్ష్యం కాదు.

#7 · గంటస్తంభం_స్టూడియో
సుడోతో ఇది వచ్చింది:

యూజర్ | పీఐడీ | యాక్సెస్ | కమాండ్
రూట్ | కెర్నెల్ | మౌంట్ | /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్
రూట్ | 2417 | ..సీ.. | ఎస్ఎమ్‌బీడీ
రూట్ | 2590 | ఎఫ్.సీ.. | ఎస్ఎమ్‌బీడీ
రూట్ | 3102 | ..సీ.. | బ్యాష్

కెర్నెల్ అని ఉన్న మొదటి వరసేనా బిజీ చేస్తున్నది? దాన్ని ఎలా ఆపాలి?

#8 · టెక్కలి_టెర్మినల్
కాదు. కెర్నెల్ మౌంట్ వరస ఎప్పుడూ ఉంటుంది, అది మౌంటే. దాన్ని వదిలేసి కింది మూడూ చూడండి. పీఐడీ అంటే ప్రాసెస్ నంబరు, ఎస్ఎమ్‌బీడీ అంటే సాంబా సర్వర్, బ్యాష్ అంటే కమాండులు కొట్టే షెల్.

యాక్సెస్ కాలమ్‌లో ఐదు స్థానాలు. మొదటిది ఫైలు: చిన్న ఎఫ్ అయితే చదవడానికి తెరిచింది, పెద్ద ఎఫ్ అయితే రాయడానికి. రెండోది ఆర్, ఆ ప్రాసెస్ రూట్ డైరెక్టరీయే అక్కడుందని, అంటే ఎవరో సీహెచ్‌రూట్ చేశారని. మూడోది సీ, ప్రాసెస్ నిలబడి ఉన్న డైరెక్టరీ. నాలుగోది ఈ, ఆ డిస్క్ మీదున్న ప్రోగ్రామే నడుస్తోందని. ఐదోది ఎమ్, మెమరీలోకి మ్యాప్ చేసుకున్న ఫైలు లేదా లైబ్రరీ.

మీ లిస్టులో అన్నిటికీ సీ ఉంది. కాంప్లెక్సులో బస్సు సీటు మీద కర్చీఫ్ వేసి టీకి వెళ్ళినట్టే. మనిషి లేడు, ఫైలేదీ తెరవలేదు, అయినా సీటు ఖాళీ కాదు. 2590కి మాత్రం పెద్ద ఎఫ్ ఉంది కదా, అది ఇప్పుడు నిజంగా ఏదో రాస్తోంది. దాన్ని చంపకండి.

#9 · రాజాం_రూట్
ఒక్క లైను: సుడో ఫ్యూజర్ -కేఎమ్ /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్. అందరూ పోతారు, తర్వాత యుమౌంట్. పేరులోనే రూట్ ఉంది నాకు.

#10 · వంశధార_వరద
#9, పేరులో రూట్ ఉంటే సరిపోదు గురూ. ఆ లైనులో రెండు గోతులున్నాయి.

ఒకటి, -కే వేరేగా చెప్పకపోతే పంపేది సిగ్‌కిల్, అక్కడికక్కడే చంపే సంకేతం. రాస్తున్న ఎస్ఎమ్‌బీడీకి ఫైలు మూసుకునే అవకాశం కూడా ఉండదు. ముందు -టెర్మ్ (మర్యాదగా ముగించమనే సంకేతం) పంపాలి: సుడో ఫ్యూజర్ -కే -టెర్మ్ -ఎమ్ ఆ దారి. ఒక్కొక్కరినీ అడిగి చంపాలంటే దానికి -ఐ కలపాలి.

రెండోది పెద్దది. చిన్న ఎమ్‌కి ఇచ్చిన దారి అసలు మౌంట్ పాయింటే కాకపోతే, ఆ డైరెక్టరీ ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉందో దాన్ని పట్టుకుంటుంది. అంటే డిస్క్ ఈపాటికే ఊడిపోయి /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్ ఒట్టి ఖాళీ ఫోల్డరుగా మిగిలి ఉంటే, మీ -కేఎమ్ రూట్ ఫైల్ సిస్టమ్ మీద నడుస్తున్న ప్రతిదాన్నీ కొట్టుకుంటూ పోతుంది. స్క్రీన్ నల్లబడుద్ది. అందుకే పక్కన పెద్ద ఎమ్ కూడా పెట్టాలి. అది మౌంట్ పాయింట్ అయితేనే పని చేస్తుంది, కాకపోతే ఏమీ ముట్టుకోకుండా వెనక్కొస్తుంది. స్క్రిప్టులో రాసేవాళ్ళయితే పెద్ద ఎమ్ లేకుండా -కే రాయనే రాయొద్దు.

#11 · రాజాం_రూట్
పెద్ద ఎమ్ సంగతి ఒప్పుకుంటున్నా. టెర్మ్ మాత్రం బ్యాష్ మీద పనిచేయదు, ప్రాంప్ట్ దగ్గర కూర్చున్న బ్యాష్ సిగ్‌టెర్మ్‌ని పట్టించుకోదు. దానికి హప్ (టెర్మినల్ తెగిందనే సంకేతం) పంపాలి.

#12 · వంశధార_వరద
అది కరక్టే. బ్యాష్‌కి -హప్. లేదంటే వెళ్ళి ఆ షెల్‌లో సీడీ / కొట్టడమే మర్యాద.

#13 · టెక్కలి_టెర్మినల్
స్టూడియో వారికి క్రమం చెప్తాను.

ముందు 3102 ఎక్కడుందో చూడండి: పీఎస్ -ఓ పీఐడీ,టీటీవై,ఆర్గ్స్ -పీ 3102. టీటీవై చూస్తే ఏ టెర్మినలో తెలుస్తుంది. చాలాసార్లు అది టీమక్స్‌లోనో స్క్రీన్‌లోనో (ఒకే టెర్మినల్‌లో చాలా కిటికీలు నడిపేవి) మర్చిపోయిన కిటికీ. ఇంకో రకం కూడా ఉంది. బ్యాకప్ ఫోల్డరులో ఉండగా గీత (-) పెట్టకుండా ఎస్‌యూ (వేరే యూజర్‌గా మారే కమాండు) కొడితే లోపలి షెల్ కూడా అక్కడే పుడుతుంది. లోపలి దాంట్లో సీడీ / అంటారు, బయటిది మాత్రం ఆ ఫోల్డరులోనే ఉండిపోతుంది. ఒకే కిటికీలో రెండు షెల్‌లు, కనిపించేది ఒకటి.

తర్వాత సాంబా. క్లయింట్ కనెక్ట్ అయి ఉన్నంతసేపూ ఎస్ఎమ్‌బీడీ ఆ షేర్ డైరెక్టరీలోకి వెళ్ళి కూర్చుంటుంది. విండోస్‌లో ఫోల్డర్ కిటికీ తెరిచి ఉంచినా చాలు, మీకు సీ కనిపిస్తుంది. సుడో ఎస్ఎమ్‌బీస్టేటస్ కొడితే ఏ మెషిన్ ఏ ఫైలు పట్టుకుందో కింద లాక్ చేసిన ఫైళ్ళ పట్టికలో ఉంటుంది. ఆ కాపీ పూర్తవనివ్వండి. అది ఖాళీ అయ్యాక ఆ ఒక్క షేర్‌నే మూయొచ్చు:

సుడో ఎస్ఎమ్‌బీకంట్రోల్ ఎస్ఎమ్‌బీడీ క్లోజ్-షేర్ బ్యాకప్

చివరి మాట షేర్ పేరు, దారి కాదు. దీంతో మిగతా షేర్లకి ఇబ్బంది ఉండదు. అయితే విండోస్ ఊరుకోదు, కిటికీ తెరిచే ఉంటే మళ్ళీ కనెక్ట్ అయిపోతుంది. అప్పుడు సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఎస్ఎమ్‌బీడీ తప్పదు.

#14 · బొబ్బిలి_బూట్
ఎడిటర్ గారు టైమ్‌లైనులో ఆ డిస్క్ మీది క్లిప్పులు పెట్టుకుని ఉంటే సాంబా ఆపగానే అవతల ప్రాజెక్టు మొత్తం "మీడియా ఆఫ్‌లైన్" అంటుంది. ముందు ఒక కేక వేసి ఆపండి.

#15 · గంటస్తంభం_స్టూడియో
కేక వేశాను. కాపీ పూర్తయ్యాక ఎస్ఎమ్‌బీడీ ఆపాను. 3102 టీమక్స్‌లోదే, ఎగ్జిట్ చేశాను. ఇప్పుడు సుడో ఫ్యూజర్ -వీఎమ్‌లో కెర్నెల్ మౌంట్ వరస ఒక్కటే ఉంది. అయినా టార్గెట్ ఈజ్ బిజీ! ఇంకెవులు పట్టుకున్నారు దీన్ని?

#16 · వంశధార_వరద
ఇప్పుడు అసలు ప్రశ్న అడిగారు. ఫ్యూజర్, ఎల్ఎస్ఓఎఫ్ రెండూ /ప్రోక్ కింద ప్రాసెస్‌లని తిరగేస్తాయి. పట్టుకున్నది ప్రాసెస్ కాకుండా కెర్నెలే అయితే వాటికి దొరకదు. అలాంటివి నాలుగు చూడాలి.

లోపల ఇంకో మౌంట్: ఫైండ్‌ఎమ్ఎన్‌టీ -పెద్దఆర్ /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్. దాని కింద కొమ్మలేవైనా వస్తే ముందు వాటిని దింపాలి. యుమౌంట్ -పెద్దఆర్ అయితే లోపలివాటి నుంచి బయటికి వరసగా అదే దింపుకుంటూ వస్తుంది.

లూప్ డివైజ్ (ఫైలునే డిస్కులా చూపేది): డిస్క్ మీదున్న ఐఎస్ఓ ఫైలునో ఇమేజ్ ఫైలునో వేరేచోట మౌంట్ చేసి ఉంటే, ఆ ఫైలుని తెరిచి పట్టుకున్నది కెర్నెల్. సుడో లోసెటప్ -ఏ. ఉబుంటులో స్నాప్ ప్యాకేజీల వల్ల ఈ లిస్టు చాంతాడంత వస్తుంది, భయపడొద్దు. చివర | గ్రెప్ బ్యాకప్ పెట్టండి.

స్వాప్ ఫైలు (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా): స్వాపాన్ --షో. బ్యాకప్ డిస్క్ మీద స్వాప్ ఎవరు పెడతారని నవ్వకండి, మెమరీ చాలని మెషిన్లలో పెడతారు. స్వాపాఫ్ చేస్తేనే వదులుతుంది. ఇది మాత్రం ఫ్యూజర్ -వీ లో కెర్నెల్ స్వాప్ అని కనిపిస్తుంది, మీకు రాలేదు కాబట్టి దీన్ని కొట్టేయొచ్చు.

ఎన్ఎఫ్ఎస్ (మెషిన్ల మధ్య నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచే పద్ధతి) ఎక్స్‌పోర్ట్: సుడో ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -వీ. ఎన్ఎఫ్ఎస్ సర్వర్ కెర్నెల్ లోపలే నడుస్తుంది కాబట్టి క్లయింట్ ఒక్కసారి ముట్టుకున్నా చాలు, ఫ్యూజర్‌లో ప్రాసెస్ ఏదీ లేకుండానే బిజీ వస్తుంది. సుడో ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -యూ క్లయింట్:దారి, లేదా అన్నీ తీసేయడానికి -యూఏ.

#17 · సాలూరు_షెల్
డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లలో విడిగా నడిపేది) మర్చిపోయారు. కంటైనర్‌కి ఆ ఫోల్డర్ ఇచ్చి ఉంటే దాని మౌంట్ నేమ్‌స్పేస్‌లో (దానికే కనిపించే మౌంట్ల లిస్టులో) ఇంకో కాపీ ఉంటుంది. దానివల్లే బిజీ.

#18 · వంశధార_వరద
సాలూరు గారూ, అందులో సగమే నిజం. వేరే నేమ్‌స్పేస్‌లో ఉన్నది వేరే మౌంట్, ఫైల్ సిస్టమ్ మాత్రం ఒకటే. మామూలుగా డాకర్ ఇచ్చే ప్రైవేట్ కాపీ ఉంటే మీ వైపు యుమౌంట్ హాయిగా అయిపోతుంది, బిజీ అనదు. అసలు తంటా ఆ తర్వాత: యుమౌంట్ అయింది కదా అని ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్ఎస్ కొడితే డివైజ్ వాడుకలో ఉందంటుంది. లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ అయితే క్రిప్ట్‌సెటప్ క్లోజ్ మొరాయిస్తుంది. బైండ్ మౌంట్‌తో (ఒక ఫోల్డరుని ఇంకోచోట కూడా చూపడంతో) కూడా ఇంతే. బ్యాకప్/ఫోటోలు ఫోల్డరుని /ఎస్ఆర్‌వీ/ఫోటోలు దగ్గర బైండ్ చేసి ఉంటే, పైది దిగిపోతుంది, కిందది ఫైల్ సిస్టమ్‌ని బతికిస్తూనే ఉంటుంది.

ఎవరి నేమ్‌స్పేస్‌లో మిగిలిందో కనిపెట్టాలంటే:

సుడో గ్రెప్ -ఎల్ ఎస్‌డీబీ1 /ప్రోక్/[0-9]*/మౌంట్‌ఇన్ఫో

వచ్చిన పీఐడీ తీసుకుని, సుడో ఎన్ఎస్‌ఎంటర్ -టీ పీఐడీ -ఎమ్ యుమౌంట్ ఆ దారి. లేదా ఆ కంటైనర్‌నే ఆపండి, అది శుభ్రమైన పద్ధతి. నాగావళి గారు #6లో చెప్పిన /సిస్/ఎఫ్ఎస్/ఈఎక్స్‌టీ4 పరీక్ష ఇక్కడా పనికొస్తుంది.

#19 · సాలూరు_షెల్
సరే, బిజీ కాదు, "వదల్లేదు" అందాం. షేర్డ్ ప్రాపగేషన్ పెట్టి ఉంటే కథ మారుద్ది కదా?

#20 · వంశధార_వరద
మారుద్ది. అప్పుడు మీ యుమౌంట్ అవతలికీ పాకుతుంది, అవతలి కాపీలో ఎవరైనా కూర్చుని ఉంటే ఇక్కడ బిజీ అనొచ్చు. ఫైండ్‌ఎమ్ఎన్‌టీ -ఓ టార్గెట్,ప్రాపగేషన్ కొడితే ఏది షేర్డో ఏది ప్రైవేటో తెలిసిపోతుంది.

#21 · గంటస్తంభం_స్టూడియో
దొరికింది. లోసెటప్ -ఏ | గ్రెప్ బ్యాకప్:

/డెవ్/లూప్14: (/ఎమ్ఎన్‌టీ/బ్యాకప్/ఐఎస్ఓ/ఉబుంటు.ఐఎస్ఓ)

ఎవరో ఐఎస్ఓని /మీడియా/ఐఎస్ఓ దగ్గర మౌంట్ చేసి వదిలేశారు. ఇప్పుడు లోసెటప్ -డీ చేయాలా, యుమౌంట్ చేయాలా?

#22 · టెక్కలి_టెర్మినల్
యుమౌంట్ /మీడియా/ఐఎస్ఓ. మౌంట్ -ఓ లూప్‌తో ఎక్కించినదైతే ఆటోక్లియర్ గుర్తు ఉంటుంది, దిగగానే లూప్ డివైజ్ కూడా దానంతటదే విడిపోతుంది. ముందు లోసెటప్‌తో విడిగా కట్టి తర్వాత మౌంట్ చేసి ఉంటే మాత్రం అది మిగిలిపోతుంది, అప్పుడు లోసెటప్ -డీ /డెవ్/లూప్14. తీసేశాక మళ్ళీ -ఏ కొట్టి చూడండి, పేరు పోవాలి.

#23 · పలాస_జీడి
ఓలమ్మో, ఐఎస్ఓ గుంటడు మొత్తం డిస్క్‌నే పట్టుకు కూకున్నాడేటి.

#24 · గంటస్తంభం_స్టూడియో
అది దిగింది. ఇప్పుడు యుమౌంట్ /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్ కొట్టాను, బిజీ అనలేదు, కానీ ప్రాంప్టూ రావట్లేదు. రెండు నిమిషాలై అలాగే ఉంది. కంట్రోల్-సీ కొట్టనా?

#25 · నాగావళి
కొట్టకండి, వేలాడలేదు. మెమరీలో ఉన్నది డిస్క్‌లోకి దింపుతోంది. ఇంకో టెర్మినల్‌లో ఇది పెట్టి చూస్తూ ఉండండి:

వాచ్ -ఎన్1 గ్రెప్ -ఈ డర్టీ -ఈ రైట్‌బ్యాక్ /ప్రోక్/మెమ్‌ఇన్ఫో

డర్టీ (ఇంకా డిస్క్‌కి రాయాల్సింది) అన్న అంకె తగ్గుతుంటే పని నడుస్తున్నట్టే. అసలు తగ్గకుండా ఒకే దగ్గర నిలబడిపోతే కెర్నెల్ మెసేజ్‌లు చూపే డీమెసేజ్ చూడండి. అక్కడ ఐఓ ఎర్రర్, రీసెట్ హైస్పీడ్ యూఎస్‌బీ లాంటివి వరసగా పడుతుంటే కేబులో డిస్కో జబ్బు చేసిందని.

#26 · బొబ్బిలి_బూట్
డిస్క్ యూఎస్‌బీ 2 పోర్టులో గుచ్చి ఉంటారు. అందులో మామూలుగా సెకనుకి 30 నుంచి 40 ఎంబీ మించి పోదు. మెమరీలో 4 జీబీ పేరుకుని ఉంటే దాదాపు రెండు నిమిషాలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువా కావొచ్చు. ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ కొట్టండి (చిన్న టీ). ఆ డిస్క్ వరస చివర 480ఎమ్ ఉంటే యూఎస్‌బీ 2, 5000ఎమ్ ఉంటే 3.

#27 · గంటస్తంభం_స్టూడియో
480ఎమ్! ముందు వైపు పోర్టులో పెట్టారు మావాళ్ళు. డర్టీ తగ్గుతూ వచ్చి సున్నాకి దగ్గరైంది, ప్రాంప్ట్ వచ్చింది. /సిస్/ఎఫ్ఎస్/ఈఎక్స్‌టీ4లో ఎస్‌డీబీ1 లేదు. ఇక పీకొచ్చా?

#28 · టెక్కలి_టెర్మినల్
డేటా పరంగా పీకొచ్చు. కానీ లోపల పళ్ళెం ఇంకా తిరుగుతోంది. సుడో యూడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ -బీ /డెవ్/ఎస్‌డీబీ కొట్టండి. 1 లేకుండా, డిస్క్ మొత్తం పేరు. తల పార్కింగ్ అయి, తిరగడం ఆగి, లైట్ ఆరాక తీయండి. బస్సులో కుదుపులకి వెళ్ళే డిస్క్ కాబట్టి ఇది వదలొద్దు.

#29 · నాగావళి
రోజూ ఇదే పని ఉంటే మెమరీలో అంత పేరుకోనివ్వకండి. మామూలుగా డర్టీ రేషియో 20 శాతం, బ్యాక్‌గ్రౌండ్ రేషియో 10 శాతం ఉంటాయి, ఖాళీగా దొరికే మెమరీ మీద లెక్క. 16 జీబీ మెషిన్‌కి అది చాలా ఎక్కువ. శాతాలు వదిలేసి బైట్లలో కట్టేయండి:

వీఎమ్.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్ = 67108864
వీఎమ్.డర్టీ_బైట్స్ = 268435456

అంటే 64 ఎంబీకి రాయడం మొదలు, 256 ఎంబీకి కాపీ చేసేవాణ్ణే ఆపి రాయిస్తుంది. /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ కింద ఒక ఫైలులో పెట్టి సుడో సిస్‌సీటీఎల్ --సిస్టమ్. బైట్స్ పెట్టగానే రేషియో అంకెలు సున్నా అయిపోతాయి, కంగారుపడొద్దు, రెండిట్లో ఒకటే చెల్లుతుంది.

#30 · రాజాం_రూట్
దానివల్ల కాపీ నెమ్మదించినట్టు అనిపిస్తుంది.

#31 · నాగావళి
అనిపిస్తుంది, అవ్వదు. ఇన్నాళ్ళూ ప్రోగ్రెస్ బార్ మీకు అబద్ధం చెప్పింది, ఇప్పుడు నిజం చెప్తుంది. డిస్క్ వేగం డిస్క్‌దే.

#32 · ఆమదాలవలస_ల్యాబ్
ఇక్కడే అడిగేస్తున్నా, విషయం దగ్గరదే. ల్యాబ్‌లో హోమ్ డైరెక్టరీలు ఎన్ఎఫ్ఎస్ మీద. కరెంటు పోయి యూపీఎస్ చచ్చి సర్వర్ ఆగిపోయింది. క్లయింట్ మెషిన్లలో డిఎఫ్ కొడితే టెర్మినల్ గడ్డకట్టేస్తోంది, ఎల్ఎస్ఓఎఫ్ కూడా అంతే. యుమౌంట్ కూడా వేలాడుతోంది. సర్వర్ రేపటిదాకా లేవదు. రీబూట్ ఒక్కటే దారా?

#33 · వంశధార_వరద
ఇక్కడ బలవంతం వాడొచ్చు మాస్టారూ. -ఎఫ్ ఉన్నదే అందుకని. లోకల్ డిస్క్ మీద -ఎఫ్ వల్ల ఒరిగేదేమీ ఉండదు, చాలామంది అదేదో సుత్తి అనుకుని వాడతారు.

సుడో యుమౌంట్ -ఎఫ్ /హోమ్, పూర్తి దారితోనే. ఇది ఆగి ఉన్న అభ్యర్థనలని ఎర్రర్‌తో వెనక్కి తిప్పుతుంది. వెంటనే మళ్ళీ కొత్త అభ్యర్థనలు పుడితే ఇంకోసారి కొట్టాల్సి వస్తుంది. అప్పటికీ బిజీ అంటే -ఎఫ్ -ఎల్ రెండూ కలిపి. చచ్చిన సర్వర్‌కి లేజీ సరైన మందే, #4లో చెప్పిన ప్రమాదం పీకబోయే డిస్క్‌కి. కొట్టేముందు మీరు /హోమ్ లోపల నిలబడకుండా చూసుకోండి, రూట్‌గా కన్సోల్ నుంచి లాగిన్ అవ్వండి.

ఎల్ఎస్ఓఎఫ్ గడ్డకట్టకుండా ఉండాలంటే -బీ -డబ్ల్యూ పెట్టండి. డిఎఫ్‌కి -ఎల్ పెడితే లోకల్ డిస్కులే చూస్తుంది.

#34 · రాజాం_రూట్
పీఎస్‌లో డీ స్టేట్‌లో (జవాబు కోసం లేపలేని నిద్రలో) ఉన్న ప్రాసెస్‌లకి కిల్ -9 కూడా పనిచేయదు, అవి ఉన్నంతసేపూ ఏ యుమౌంటూ అవ్వదు. రీబూటే.

#35 · వంశధార_వరద
ఎన్ఎఫ్ఎస్ విషయంలో అది పాత మాట. కెర్నెల్ 2.6.25 నుంచి ఎన్ఎఫ్ఎస్ నిరీక్షణల్లో చాలావాటికి సిగ్‌కిల్ అందుతుంది, పీఎస్‌లో డీ అనే కనిపించినా సరే. ముందు కిల్ -9 కొట్టి చూడాలి, తర్వాతే రీబూట్ మాట. మీరు చెప్పింది చెడిపోయిన యూఎస్‌బీ డిస్క్‌కి బాగా వర్తిస్తుంది. అక్కడ డ్రైవర్ జవాబు కోసం కూర్చున్న ప్రాసెస్‌ని ఎవరూ లేపలేరు.

#36 · ఆమదాలవలస_ల్యాబ్
-ఎఫ్ రెండోసారికి దిగింది. సాఫ్ట్ మౌంట్ పెడితే ఈ తంటా ఉండదంటారు, పెట్టమంటారా?

#37 · నాగావళి
హోమ్ డైరెక్టరీలకి వద్దు. సాఫ్ట్‌లో గడువు దాటగానే రాతకి ఎర్రర్ ఇచ్చేస్తుంది, దాన్ని సరిగ్గా పట్టించుకునే ప్రోగ్రాములు తక్కువ. పిల్లల ఫైళ్ళు సగంలో తెగుతాయి. చదవడానికే ఉన్న షేర్లకి, అంటే ఐఎస్ఓలు, పాఠాలు లాంటివాటికి సాఫ్ట్ పెట్టుకోండి. టైమ్‌ఓ (గడువు) అంకె సెకన్లలో కాదు, సెకనులో పదో వంతుల్లో. 600 అంటే 60 సెకన్లు.

#38 · ఏడురోడ్ల_జిరాక్స్
శ్రీకాకుళంలో మా కౌంటరుకి రోజంతా పెన్‌డ్రైవులే. లినక్స్ మింట్. ప్రింట్ అయ్యాక ఎజెక్ట్ నొక్కితే "ఇంకా వాడుతున్నారు" అంటుంది. కస్టమర్ ఆగడు, లాక్కుపోతాడు.

#39 · సాలూరు_షెల్
ఫైల్ ఇండెక్సర్. మార్పుల కోసం ఐనోటిఫై పెట్టి కాపలా కాస్తుంటుంది, అదే పట్టుకుంటుంది. తీసేయండి.

#40 · వంశధార_వరద
ఐనోటిఫై కాపలా యుమౌంట్‌కి అడ్డం రాదు. డిస్క్ దిగుతుంటే కెర్నెలే ఆ కాపలాని రద్దు చేసి "దిగిపోయింది" అని కబురు పంపుతుంది. ఇండెక్సర్ వల్ల బిజీ అయ్యేది అది ఫైలు తెరిచి లోపల చదువుతున్నప్పుడు. థంబ్‌నెయిల్ తయారుచేసే ప్రోగ్రామూ అంతే. కొన్ని సెకన్లు ఆగితే అవే వదులుతాయి.

కౌంటర్లో ఎక్కువగా పట్టుకునేది పీడీఎఫ్ వ్యూయర్, లిబ్రెఆఫీస్. ప్రింట్ డైలాగ్ మూశారు గానీ ఫైలు మూయలేదు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా తెరవకుండా /టీఎంపీలోకి కాపీ చేసి అక్కడి నుంచి ప్రింట్ ఇవ్వండి, పెన్‌డ్రైవ్ ఆ క్షణమే ఖాళీ. ఇంకా మంచిది, చదవడానికే మౌంట్ చేయండి: యూడిస్క్స్‌సీటీఎల్ మౌంట్ -బీ /డెవ్/ఎస్‌డీసీ1 -ఓ ఆర్ఓ. అప్పుడు కస్టమర్ లాక్కుపోయినా అందులో చెడేది ఏమీ ఉండదు, వైరస్ గొడవా మీ వైపు నుంచి అంటదు.

#41 · ఏడురోడ్ల_జిరాక్స్
ఆర్ఓ ఐడియా బాగుంది. లాక్కుపోయిన వాళ్ళవి మళ్ళీ పెడితే డీమెసేజ్‌లో "వాల్యూమ్ సరిగా అన్‌మౌంట్ కాలేదు, ఎఫ్ఎస్‌సీకే నడపండి" అని వస్తోంది.

#42 · బొబ్బిలి_బూట్
ఫ్యాట్‌లో (పెన్‌డ్రైవుల ఫైల్ సిస్టమ్‌లో) డర్టీ బిట్ అది. ఎఫ్ఎస్‌సీకే అంటే ఫైల్ సిస్టమ్ తనిఖీ. రాయడానికి మౌంట్ చేయగానే పెడుతుంది, శుభ్రంగా దిగితే తీసేస్తుంది. మౌంట్ కాని స్థితిలో సుడో ఎఫ్ఎస్‌సీకే.వీఫ్యాట్ -ఏ /డెవ్/ఎస్‌డీసీ1. పోయినవాటిని తెస్తుందని ఆశపడొద్దు, పట్టికని సరిచేస్తుంది అంతే. కస్టమర్‌ని అడగకుండా నడపకండి.

#43 · గంటస్తంభం_స్టూడియో
డిస్క్ బస్సెక్కింది. ఒక అనుమానం: ఇదే మెషిన్‌లో ఇంకో డిస్క్ ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ల పట్టిక ఫైలులో) ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్‌తో ఉంది. యుమౌంట్ అవుతుంది, కాసేపటికి మళ్ళీ ఎక్కేస్తుంది. ఇదేటి దెయ్యమా?

#44 · టెక్కలి_టెర్మినల్
ఆటోమౌంట్ అంటేనే అది. ఎవరు ఆ దారిని ముట్టుకున్నా ఎక్కిస్తుంది. సాంబా ముట్టుకున్నా సరే. మౌంట్‌ని కాదు, ఆటోమౌంట్ యూనిట్‌ని ఆపాలి: సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఎమ్ఎన్‌టీ-డిస్క్2.ఆటోమౌంట్, ఆ తర్వాత యుమౌంట్. దారిలోని ఏటవాలు గీతలు (/) యూనిట్ పేరులో హైఫన్లవుతాయి.

#45 · పలాస_జీడి
అన్నీ అయిపోనాయి గానీ, రూట్ ఫైల్ సిస్టమ్‌నే దింపాలంటే? ఎఫ్ఎస్‌సీకే నడపాలి దానిమీద.

#46 · నాగావళి
నడుస్తున్న సిస్టమ్ కింద నుంచి దాన్ని దింపలేరు, చదవడానికి మాత్రమే అయ్యేలా మార్చగలరు: సుడో మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్ఓ /. దీనికీ బిజీ వస్తుంది, రాయడానికి తెరిచిన ఫైలు ఒక్కటున్నా సరే. సిస్టమ్‌సీటీఎల్ రెస్క్యూతో సర్వీసులన్నీ ఆపాక ప్రయత్నించండి.

అప్పటికీ కాకపోతే సుడో ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 చూడండి (పెద్ద ఎల్). డిలీట్ చేసినా ఎవరో తెరిచి పెట్టుకున్న ఫైళ్ళ లిస్టు అది. అప్‌గ్రేడ్ చేశాక పాత లైబ్రరీలని పట్టుకుని నడిచే సర్వీసులు అందులో బయటపడతాయి. ఆ ఫైలు మూసినప్పుడు డిస్క్ మీద చెరపాల్సి ఉంటుంది కాబట్టి, అది ఉన్నంతసేపూ కెర్నెల్ ఆర్ఓకి ఒప్పుకోదు. ఆ సర్వీసుల్ని రీస్టార్ట్ చేస్తే వదిలేస్తాయి.

#47 · రాజాం_రూట్
లేదా గ్రబ్‌లో (బూట్ మెనూలో) ఎఫ్ఎస్‌సీకే.మోడ్=ఫోర్స్ పెట్టి రీబూట్ చేయండి. రూట్ ఎక్కకముందే అదే నడుపుకుంటుంది. ఈసారి ఎవరినీ చంపలేదు చూడండి.